గుల్మార్గు మంచు – సూచనలు, స్కీయాట

మన తెలుగులో మంచు అను చిన్నమాట మోయుచున్న బరువు సామాన్యమైనది కాదు. కార్తికమాసపు తెల్లవారుజామున గడ్డిపరకలపై మెరయు చుక్కలు మంచు. సంక్రాంతి దినములలో బండ్లు దీపములు వెలిగించుకొని నెమ్మదిగా నడచుటకు కారణమగు తెర మంచు. సంతలో చేపలబుట్టలపై పగులగొట్టి పోయు గడ్డ మంచు. హిమాలయములపై ఆకాశమునుండి రాలు తెల్లని రేకయు మంచే. సంస్కృతమున మాటలకు కొదువ లేదు; కాని అమరసింహుడంతటివాడు హిమమును, తుహినమును, తుషారమును, నీహారమును ఒక్క వరుసను కూర్చి, ఇవన్నియు ఒకదానికే పేరులని సాగిపోయినాడు.

మన నేలపై మంచు పేరుకొనదు గనుక ఈ భేదములతో మనకు పని లేకపోయెను. విశాఖ మన్యములోని లంబసింగికి చలికాలమున జనులు గుంపులుగా పోయి, మంచు పడుచున్నదని సంతోషించి వత్తురు. అచ్చట వారు చూచునది నేలకు దిగిన మేఘము. మిక్కిలి చలిగానున్న రాత్రులలో ఆకులపై గడ్డకట్టిన బిందువులు. అందమైనదే, సందేహము లేదు. కాని దానిపై బద్దలు కట్టుకొని జారుటకు వీలుపడదు.

వార్తాపత్రికలవలన ఇంకొక చిక్కు వచ్చినది. ఆకాశమునుండి మంచు కురిసినను హిమపాతమని వ్రాయుచున్నారు. కొండవాలుననున్న మంచు పెల్లగిలి మనుష్యులపై బడినను హిమపాతమనియే వ్రాయుచున్నారు. మొదటిది వేడుక, రెండవది మృత్యువు. ఈ ప్రసంగములో మేము మొదటిదానిని మంచు కురియుట అనియు, రెండవదానిని మంచుచరియ అనియు వ్యవహరింతుము. ఈ రెంటికి నడుమగల సంబంధమును శ్రోతలకు తెలుపుటయే మా ముఖ్యోద్దేశము. ఏలయన, నేడు మన జిల్లాలనుండి శీతకాలమున కాశ్మీరమునకు పోవు కుటుంబములు తక్కువ కాదు. పడుచువారిలో కొందరు స్కీయాట నేర్చుకొనుటకే పోవుచున్నారు. బయలుదేరుటకు ముందు వారు చేతిలోని ఫోను చూతురు. గురువారము గుల్మార్గులో 30 సెంటీమీటర్ల మంచు అని అందులో కనబడును. అంతట ఇల్లెల్ల సంబరపడును. ఆ 30 అను అంకె ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పకున్నది అని మాత్రము ఎవ్వరును అడుగరు.

గుల్మార్గు శ్రీనగరమునకు పడమటి దిక్కున సుమారు 50 కిలోమీటర్ల దూరమున, పీర్ పంజాల్ శ్రేణి ఒడిలోనున్న పచ్చికబయలు. ఎత్తు సుమారు 2,650 మీటర్లు, అనగా 8,700 అడుగులు. పూర్వము గౌరీమార్గమని పేరట. 16వ శతాబ్దమున కాశ్మీరము నేలిన యూసుఫ్ షా చక్ దీనికి పూలబయలు అను అర్థము వచ్చునట్లు గుల్మార్గు అని పేరిడెనందురు. ఆంగ్లేయులు వేసవిలో గోల్ఫు ఆడుటకు వచ్చి, చలికాలమున మంచు చూచి, 1927లో ఇచ్చట స్కీ క్లబ్బు నెలకొల్పిరి. స్కీ అనునది నార్వే దేశపు మాట. చీల్చిన కట్టె అని దాని మూలార్థము. 1948లో జనరల్ తిమ్మయ్య పూనికతో సైనికులకొక స్కీ పాఠశాల వెలసెను. అదియే ఎదిగి నేటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయినది.

ఇప్పటి ప్రసిద్ధికి కారణము మాత్రము గొండోలా, అనగా ఉక్కుతాడుపై వ్రేలాడుచు కొండపైకి పోవు గదులవరుస. మొదటి అంచె 1998లో నడచినది. అది సుమారు 3,080 మీటర్ల ఎత్తుననున్న కొంగ్‌డూరి వరకు తీసికొనిపోవును. రెండవ అంచె 2005లో వచ్చినది. అది అఫర్వత్ కొండభుజముపై సుమారు 3,950 మీటర్ల ఎత్తున దింపును. శిఖరము ఇంకను మీద నున్నది. అనగా పైమజిలీ నుండి పచ్చికబయలు వరకు 1,300 మీటర్ల దిగుడు కలదు. ఈ 1,300 మీటర్లను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక. ముందు మరల దీనితో పనిపడును.

ఈ మంచు ఎచ్చటినుండి వచ్చును? మన వానలు తెచ్చు నైరుతి ఋతుపవనములతో దీనికి సంబంధము లేదు. మధ్యధరా సముద్రపు ప్రాంతమున అల్పపీడనములు పుట్టి, ఇరాను, అఫ్గనిస్తానముల మీదుగా తూర్పునకు నడచి వచ్చును. వీనిని పశ్చిమ అలజడులందురు. చలికాలములో నెలకు నాలుగైదు వచ్చుట వాడుక. దారిలో అరేబియా సముద్రపు తేమ కొంత చేరును. ఎదుట హిమాలయము అడ్డు నిలుచును, గాలి పైకెక్కక తప్పదు, ఎక్కినకొలది చల్లబడును, మోసికొనివచ్చిన తేమను దించివేయును. వీనిని తోలుకొనివచ్చునది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి వీచు మహావేగపుగాలి. వేసవి వానకాలములలో దీనికి ఎదురుదిక్కున, దక్షిణభారతము మీదుగా వీచు తూర్పుగాలి యొకటి కలదనియు, అది ఋతుపవనములతో ముడివడియున్నదనియు 1950 దశకములో లోకమునకు చాటిన శాస్త్రజ్ఞుడు మన తెలుగువాడైన పంచేటి కోటేశ్వరం. తరువాత ఆయన భారత వాతావరణశాఖకు అధిపతి యైనాడు. ఇది దారి తప్పిన మాటయే, కాని సందర్భము వచ్చినపుడు తలచుకొనకుండ పోలేకపోతిమి.

ఇచ్చట ఒక అపోహ తొలగించవలెను. చలి ముదిరినచో మంచు కురియునని మనవారి తలంపు. కాశ్మీరమున దానికి విపర్యయముగా జరుగును. డిసెంబరు 21 మొదలు నలుబది దినములను అచ్చటివారు చిల్లై కలాన్, అనగా పెద్దచలి అందురు. దాని తరువాత ఇరువది దినములు చిన్నచలి, పది దినములు పిల్లచలి. ఈ పెద్దచలిలో కుళాయిలు బిగిసిపోయి, డాల్ సరస్సు అంచులు గడ్డకట్టు రాత్రులు తరచు నిర్మలముగా నుండును. ఆకాశమున ఒక్క మబ్బయినను ఉండదు. నేల తన వేడినెల్ల విడిచివేయును. చల్లబడిన బరువుగాలి లోయ అడుగున దిగి, గిన్నెలో నీరువలె నిలుచును. అట్టి రాత్రులలో శ్రీనగరముకంటె ఎత్తుననున్న వాలులే కొంత వెచ్చగానుండుటయు కలదు. పశ్చిమ అలజడి వచ్చునపుడు మబ్బు కమ్మును, చలి కొంత తగ్గును, అప్పుడు మంచు కురియును. కావున శ్రీనగరములో కనిష్ఠ ఉష్ణోగ్రత సున్నకు ఎంత దిగువకు పోయినదని వార్తలలో విని, గుల్మార్గులో మంచు దండిగా నుండునని లెక్క వేసికొని పోయినవారు పలుమారులు ఎండుగడ్డి చూచి వచ్చుచున్నారు.

ఇక ఆ 30 సెంటీమీటర్ల సంగతి. వాతావరణ గణకయంత్రములు మొదట లెక్కించునది మంచును కాదు, నీటిని. మేఘమునుండి ఎన్ని మిల్లీమీటర్ల నీరు దిగునని తేల్చి, పిదప దానిని మంచుగా మార్చి చెప్పును. సాధారణముగా 10 మిల్లీమీటర్ల నీటికి 10 సెంటీమీటర్ల మంచు అని వాడుక. మిక్కిలి చలిగానున్నచో రేకలు విడివిడిగా పడి, అదే నీరు 15, 20 సెంటీమీటర్లవరకు పొంగును. వెచ్చగా, తడిగా నున్నచో అయిదుకు దిగును. ముగ్గుపిండిని జల్లెడ పట్టి పోసినపుడును, తడిపి అదిమినపుడును రాశి ఎత్తులో ఎంత తేడా యుండునో మన ఇండ్లలోని స్త్రీలకు మేము చెప్పనక్కరలేదు. ఒక సూచన 15 అనియు, మరియొక సూచన 30 అనియు చెప్పినంతమాత్రమున ఒకటి అబద్ధమాడినదని అనుకొనరాదు. నీటి విషయమున రెండును ఏకీభవించి యుండవచ్చును.

రెండవది ఎత్తు. పైకి పోయినకొలది ప్రతి వేయి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలచొప్పున గాలి చల్లబడును. మబ్బుపట్టి గాలి కలగలిసిన దినమున ఈ లెక్క చాలవరకు నిలుచును. శ్రీనగరము 1,585 మీటర్ల ఎత్తుననున్నది. అచ్చట వాన పడుచు ఉష్ణోగ్రత 5 డిగ్రీలున్నదనుకొందము. గుల్మార్గు అంతకు వేయి మీటర్లు పైన. అచ్చట సున్నకు దిగువ 2 డిగ్రీలుండును. గొండోలా పైమజిలీయొద్ద సున్నకు దిగువ 10 ఉండును. ఒక్కటే మేఘము, నగరమున వాన, పచ్చికబయలున బరువైన మంచు, కొండభుజమున పొడిపిండి. ఇందు గుల్మార్గు స్థితి మిక్కిలి సున్నితమైనది. సూచనలో రెండు డిగ్రీలు తప్పినచో బద్దలకు అంటుకొను ముద్దమంచు పడవచ్చును, లేదా మంచుతో వాన కలియవచ్చును. ఫోనులోని సూచన ఏ ఎత్తునకు చెప్పినదో చూచువారు అరుదు. అది దేశమునంతటిని సుమారు పది కిలోమీటర్ల, అంతకు మించిన పొడవుగల గడులుగా కోసి, గడి కొక సరాసరి ఎత్తు పెట్టుకొని లెక్కించును. ఒకే గడిలో లోయయు శిఖరమును ఇమిడిపోవును. మనము చెప్పుకొన్న 1,300 మీటర్లు ఆ గడిలో మాయమగును.

ఇట్టిచోట మనుష్యుడు కూర్చుండి వ్రాయు సూచనకే విలువ యెక్కువ. శ్రీనగరములోని వాతావరణకేంద్రపు ప్రకటనలో వాడు మాటలు మన తీరజిల్లాలవారికి కొత్తవి కావు. ఒకటి రెండు చోట్ల, కొన్ని చోట్ల, చాల చోట్ల, దాదాపు అన్ని చోట్ల అని రేడియోలో వినుచునే యుందుము. ఇవి నోటికివచ్చి అన్నమాటలు కావు. ఒక ప్రాంతములోని కేంద్రములలో నాలుగవవంతు లోపున వాన గాని మంచు గాని పడునెడల ఒకటి రెండు చోట్ల అనియు, సగమువరకు కొన్ని చోట్ల అనియు, ముప్పాతికవరకు చాల చోట్ల అనియు, అంతకు మించినచో దాదాపు అన్ని చోట్ల అనియు నియమము. హెచ్చరికలకు పసుపుపచ్చ, నారింజ, ఎరుపు రంగులు వాడుదురు. తుపాను విషయమున మన అనుభవమే ఇచ్చటను చెల్లును: అలజడి వచ్చుచున్నదని వారము ముందే తెలియవచ్చును, ఎంత కురియునన్నది మాత్రము ఒకటి రెండు దినములముందు గాని నమ్మికగా చెప్పజాలరు. పది దినములముందే సెంటీమీటర్లు లెక్కపెట్టి చెప్పువానిని జోస్యులలో చేర్చుట మంచిది.

ఇంతవరకు ఆకాశపు సంగతి. స్కీయాటగానికి కావలసినది నేలమీది సంగతి. నేలమీది మంచు పడిననాటి మంచు కాదు. అది దినదినము మారుచుండును. కొత్తగా పడిన పొడిమంచుపై జారుట నీటిపై తేలినట్లుండుననియు, దానికొరకే అఫర్వత్ వాలులను వెదకికొని దూరదేశములనుండి వచ్చుచున్నామనియు ఆటగాండ్రు చెప్పుదురు. పగలు ఎండకు కరిగి రాత్రి బిగిసిన మంచు అట్టుకట్టి పెళుసుగానుండును. అలవాటు లేనివారు దానిపై నిలువలేరు. మార్చిలో ఉదయము రాయివలె నున్నది, పదునొకండు గంటలకు మెత్తబడి హాయిగానుండి, మధ్యాహ్నము రెండు గంటలకు బురదవలె నగును. కొత్తవారికి గుల్మార్గు బయలులోని చిన్నవాలులు చాలును. అచ్చట అదిమి చదునుచేసిన మంచే మేలు. లోతైన కొత్తమంచులో మొదటిసారి బద్దలు కట్టినవాని అవస్థ వరిమడిలో బురదలో దిగినవాని అవస్థకు తీసిపోదు.

ఒక శీతకాలమున మేము కొంగ్‌డూరి యొద్ద నిలిచియుండగా జరిగిన సంగతి ఇచ్చట చెప్పుట ఉచితము. రెండు దినములు ఎడతెగక కురిసి, మూడవనాటి ఉదయము ఆకాశము కడిగిన పళ్లెమువలె నున్నది. రెండవ అంచె గొండోలా నిలిపివేసినారు. గుంటూరు ప్రాంతపు కుటుంబమొకటి మా ముందు నిలిచియున్నది. వారిలో పెద్దాయన మా తెలుగు విని వెనుకకు తిరిగి, "ఏమండీ, రెండు రోజులు గదిలోనే కూర్చున్నాం. ఇవాళ ఇంత ఎండ కాస్తుంటే పైకి పోనివ్వరేమండీ?" అని అడిగిరి. మేము ఆ మాటనే అచ్చటి ఉద్యోగికి హిందీలో చెప్పితిమి. ఆయన కొండవైపు చూచి, "వాతావరణం బాగుంది సాహెబ్, మంచు బాగాలేదు" అనినాడు. ఇంతలో పైన ఎక్కడనో ఒక మ్రోత వినబడెను. "ఉరుమా నాయనా, మబ్బే లేదే?" అని వారి తల్లిగారు అడిగిరి. అది ఉరుము కాదు. కొండను కాపాడు గస్తీవారు వాలుపై ప్రేలుడుమందు కాల్చి, నిలకడలేని మంచును ముందుగానే క్రిందికి రాల్చుచున్నారు.

వాతావరణము బాగుండి మంచు బాగులేకపోవుట యనగా నేమి? కొండవాలుపై మంచు పొరలుపొరలుగా నుండును. ఒక్కొక్క పొర ఒక్కొక్క అలజడి తెచ్చినది. పొరకు పొరకు నడుమ పట్టు కుదురుటకు వ్యవధి కావలెను. రెండు దినములలో మీటరు మంచు పడినచో క్రిందిపొరలపై హఠాత్తుగా బరువు పడును. దానికి తోడు గాలి. గాలి శిఖరమున ఒక వైపునుండి మంచును ఊడ్చి ఆవలివైపున పోయును. ఆకాశమునుండి ఒక్క రేక పడకపోయినను ఆవలివాలుపై ఒక్కరాత్రిలో మీటరు చేరగలదు. ఇట్లు చేరినది పలకవలె బిగియును. దానిపై అడుగు వేసినచో ఒక్కొక్కప్పుడు డప్పువలె బోలుగా మ్రోగును. 30 మొదలు 45 డిగ్రీల వాలులపై ఈ పలక విరిగి జారుట అధికము. స్కీయాటకు సొంపైన వాలులును అవియే యగుట దురదృష్టము. మంచుచరియలో చిక్కినవారిలో అత్యధికులు తామే గాని, తమతోడి వారే గాని అడుగుపెట్టి దానిని కదల్చినవారేయని పరిశీలకులు కనుగొనిరి. కొండ వారిపై పడలేదు. వారే కొండను మీటిరి.

అన్నింటికన్న కంటికి కనబడనిది అడుగుపొర. డిసెంబరులో కొద్దిపాటి మంచు పడి, తరువాత నెలదినములు నిర్మలమైన చలి కొనసాగినదనుకొందము. నేల వెచ్చన, పైగాలి అతిశీతలము. ఈ తేడావలన పలుచని మంచులో ఆవిరి క్రిందినుండి పైకి పోవుచు, రేకలను పంచదారవంటి మొనదేలిన పలుకులుగా మార్చును. గుప్పిట పట్టినను అవి ముద్దకావు, వేళ్లసందున రాలిపోవును. జనవరి చివర పెద్దమంచు దానిపై పడును. జొన్నలరాశిపై బండపలక పెట్టినట్లగును. పైనుండి చూచువానికి అంతయు ఒక్కటే తెలుపు. కావున అందరు ఎదురుచూచిన మంచు, అనావృష్టి తరువాత వచ్చిన మంచు, మిక్కిలి ప్రమాదకరమైనది కావచ్చును.

2024లో ఇట్టి క్రమమే కన్నులార చూచితిమి. ఆ జనవరిలో గుల్మార్గు బయలు చాల దినములు గోధుమరంగు గడ్డితో నుండెను. ఆ చిత్రములు దేశమంతట పత్రికలలో వచ్చెను. వచ్చెదమనినవారు మానుకొనిరి. నెల చివర మంచు మొదలై, ఫిబ్రవరిలో దండిగా కురిసెను. ఫిబ్రవరి 21 నుండి 25 వరకు ఖేలో ఇండియా శీతకాల క్రీడలు గుల్మార్గులో జరిగెను. ఆ నడుమనే 22వ తేదీన పైవాలులలో మంచుచరియ విరిగిపడి రష్యాదేశపు స్కీయాటగాడొకడు మరణించెను, అతనితోడివారిని రక్షించిరి. ఆ ప్రమాదమునకు ఇదే కారణమని నిర్ణయించుట మా పని కాదు. అంతకు ముందటి యేట, 2023 ఫిబ్రవరి 1న, అఫర్వత్ వాలుననే పోలండు దేశస్థులిద్దరు ఇట్లే మరణించిరి. కొత్తవారికే ఇట్టివి సంభవించుననుకొనుటయు పొరపాటు. 2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మార్గు ప్రాంతమున శిక్షణలోనున్న సైనికులపై మంచుచరియ పడి 17 మంది ప్రాణములు కోల్పోయిరి. మంచునే అభ్యసించుటకు వచ్చినవారు వారు.

మంచుచరియల హెచ్చరిక వేరు, వాతావరణసూచన వేరు. మొదటిదానికొరకు 1969లో మనాలిలో రక్షణశాఖవారు ఒక పరిశోధనసంస్థ పెట్టిరి; 2020లో దానిని మరియొక సంస్థతో కలిపి, ఇప్పుడు చండీగఢ్ కేంద్రముగా నడుపుచున్నారు. ప్రమాదమును 1 మొదలు 5 వరకు అంకెలతో చెప్పుట 1993లో ఐరోపా దేశములు కుదుర్చుకొన్న పద్ధతి. ఇందు 3 అను అంకె మోసకారి. మన పిల్లలు అయిదింటికి మూడు తెచ్చుకొన్నచో ఫరవాలేదందుము. ఆ అలవాటుచేత కొండపైనను 3 అనగా నడిమితరమని జనులు తలంతురు. 4, 5 అంకెలున్ననాడు ఎవ్వరును బయలుదేరరు. మరణములు 3 అన్ననాడే అధికముగా సంభవించుచున్నవి. స్విట్జర్లాండు లెక్కలనుబట్టి, మంచులో పూడినవానిని పావుగంటలోపల వెలికితీసినచో పదిమందిలో తొమ్మిదిమంది బ్రతుకుదురు. 35 నిమిషములు గడచినచో ముగ్గురే. క్రిందినుండి సహాయము వచ్చునంతలో పావుగంట దాటిపోవును. కావుననే గస్తీవారి గీత దాటి పోవువారు ఒంటరిగా పోరాదనియు, ప్రతివాని యొడలిపై సంకేతములు పంపు చిన్నయంత్రము, చేత పొడవాటి గుచ్చుకడ్డి, పార ఉండవలెననియు నియమము. యంత్రము కొనుట సులువు. దానితో వెదకుట నేర్చినవాడు ప్రక్కన ఉండుట ముఖ్యము.

మంచు రాకపోయిననాటి కష్టము ఇంకొక రకమైనది. గుల్మార్గులో శీతకాలపు కూలి మంచును నమ్ముకొన్నది. కర్రబండిపై యాత్రికులను కూర్చుండబెట్టి త్రాటితో లాగువారు, బద్దలు అద్దెకిచ్చువారు, ఆట నేర్పువారు, ఫెరన్‌లోపల కాంగ్డీకుంపటి పెట్టుకొని గుఱ్ఱములతో నిలుచువారు — వీరికి జనవరి ఫిబ్రవరులు మన రైతులకు వరికోతలవంటివి. 2025లో ఫిబ్రవరి 22న ఆరంభము కావలసిన శీతకాల క్రీడలను మంచు చాలక వాయిదా వేసిరి. మార్చి 9 నుండి 12 వరకు జరిపిరి. గాలి ఒక్క డిగ్రీ వెచ్చబడినచో వాన మంచుగా మారు రేఖ సుమారు 150 మీటర్లు పైకి జరుగును. పైమజిలీకి అది లెక్కలోనిది కాదు, దిగువనున్న టంగ్‌మార్గు ప్రాంతమునకు మంచు వాన యగును. క్రిందివారికి నీటిచింతయు కలదు. పెద్దచలిలో పడిన మంచు గట్టిపడి వేసవివరకు నిలిచి, వాగులకు, జీలము నదికి, వరిమళ్లకు, ఆపిలుతోటలకు నీరిచ్చును. పిల్లచలిలో పడినది పదిదినములలో కరిగిపోవును. కావున కాశ్మీరపు రైతు ఎంత పడెనని అడుగుటతో ఆగడు, ఎప్పుడు పడెనని అడుగును.

పోదలచినవారికి నాలుగు మాటలు. ఫోనులో అంకె చూచినపుడు అది ఏ ఎత్తునకో చూడుడు. గాలి ఎంత వేగమున వీచునని చూడుడు, ఏలయన పైయంచె గొండోలా మంచుకంటె గాలికే తరచు నిలుచును. గడచిన నెలలో మంచు ఎట్లున్నదని బసలోని వారినిగాని, ఆట నేర్పువానినిగాని అడుగుడు. ఇది ఏ యంత్రమును చెప్పదు. పెద్దమంచు కురిసిన మరునాడు గస్తీవారు వాలు తెరచినారా లేదా యని విచారింపుడు. తెరువనిచో క్రిందిబయలులో పిల్లలతో ఆడుకొనుడు, అచ్చటను మంచు తెల్లగానే యుండును. పైన 3,950 మీటర్ల యొద్ద గాలి పలుచన; గుండెజబ్బు, ఉబ్బసము ఉన్న పెద్దవారు వైద్యుని అడిగి ఎక్కవలెను. నల్లకండ్లద్దములు మరువరాదు, మంచుపై ఎండ కన్నులను కాల్చును.

తిరుగుప్రయాణమునకు ఒకటి రెండు దినములు చేతిలో నుంచుకొనుట అవసరము. టంగ్‌మార్గునుండి పైకి పోవు 13 కిలోమీటర్ల దారిలో మంచున్ననాడు చక్రములకు గొలుసులు కట్టిన బండ్లనే పోనిత్తురు. అఫర్వత్‌పై పిండి పరచిన అలజడియే శ్రీనగరపు విమానములను ఆపును, బనిహాల్ మీది రాజమార్గమును మూయును. 2025 జూన్‌నుండి కట్రా మీదుగా శ్రీనగరమునకు రైలు నడచుచున్నది గనుక ఇప్పుడొక మూడవదారి దొరకినది. కాని మంచు కురిసిననాడు విమానము తప్పినవారందరును ఆ రైలుకే పరుగెత్తుదురు. టిక్కెట్టు ముందుగా చూచుకొనుడు.